అరకు, లంబసింగి ట్రిప్‌కి సెల్ఫ్ డ్రైవ్ కారు వైజాగ్‌లో ఎక్కడ తీసుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నారు, అమ్మానాన్న, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. మూడు రోజుల ట్రిప్పు, అరకు ఎక్కి అట్నుంచటే పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగి మళ్లీ వైజాగ్. కారు మీరే నడుపుతారు. యాప్‌లో మధురవాడలో ఉన్న కారు చవగ్గా కనిపిస్తోంది, స్టేషన్‌కి తెచ్చిస్తే ఎక్స్‌ట్రా అంటున్నారు, ఎయిర్‌పోర్ట్ దగ్గరది మధ్యస్థంగా ఉంది, ఇంకెవరో అరకు దాకా రైల్లో పోయి పైనే తీసుకోమన్నారు. ఏది మంచిది అని.

నన్నడిగితే వైజాగ్ ఎయిర్‌పోర్ట్ పక్కనుండే ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం వైపు, కార్ల వాళ్ల సొంత షెడ్డు దగ్గరికే మీరు వెళ్లి, బాగా తెల్లారాక తీసుకోండి. మీరు ఎక్కడ దిగుతున్నారో చూసుకుని కాదు, మీ రోడ్డు ఎటునుంచి మొదలవుతుందో చూసుకుని కారు తీసుకోవాలి, నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ అరకు ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతున్నా, మొదట్లో డ్యూటీ మీద, తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా డ్రైవర్ని నేనే కాబట్టి, తప్పులన్నీ ఆల్రెడీ చేసేశాను.

(ఒక చిన్న మాట, మా వైపు ఏజెన్సీ అంటే పాడేరు, అరకు, చింతపల్లి ఆ కొండల ప్రాంతం మొత్తం. కారు అద్దెకిచ్చేవాళ్లని కూడా ఏజెన్సీ అంటే ఎవరి గురించి చెప్తున్నానో నాకే తెలీకుండా పోతుంది, అందుకని వాళ్లని కార్ల వాళ్లు అంటా.)

ముందు ఊరి లెక్క చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీకే అర్థమైపోద్ది. వైజాగ్ సముద్రం పక్కన పొడుగ్గా సాగిపోయిన ఊరు, మధ్యలో సింహాచలం కొండలు అడ్డం. కాబట్టి ఊళ్లోంచి లోపలికి, అంటే కొండల వైపు పోవాలంటే ముఖ్యంగా రెండు దార్లు. ఒకటి ఎన్ఏడీ జంక్షన్ దాకా వచ్చి అక్కణ్నుంచి గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (మేం ఎస్.కోట అంటాం). రెండోది హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం. సింహాచలం, అడివివరం మీదుగా ఇంకో రోడ్డుంది గానీ కొత్తవాళ్లకి దాని గోల ఎందుకు. అరకు రోడ్డు మొదటి దాని మీదుంది. మీరు మూడో రోజు నర్సీపట్నం నుంచి తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కి అనకాపల్లి, గాజువాక మీదుగా వస్తారు కదా, ఆ రోడ్డు కూడా వచ్చి చేరేది ఎన్ఏడీకే. అంటే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ మీరు ఆ జంక్షన్ ముట్టుకుంటారు. కారు అక్కడ తీసుకుంటే అక్కడే ఇచ్చేస్తారు, ఊరి ట్రాఫిక్‌లోకి మీరు తెలీని కారుతో దిగక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ కూడా ఆ పక్కనే, అందుకే ఎయిర్‌పోర్ట్ దగ్గర కార్లంటే మీ రూట్‌కి అనుకోకుండా కలిసొచ్చాయి.

మధురవాడ కారు సంగతి. యాప్‌లలో చవగ్గా కనిపించేవి చాలావరకు ఎవరివో సొంత కార్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటాయి, మధురవాడ, పీఎం పాలెం వైపు అపార్ట్‌మెంట్లు ఎక్కువ కాబట్టి కార్లూ అక్కడే ఎక్కువ. కారు చేతికొచ్చాక దారి బాగానే ఉంటది, అది ఒప్పుకోవాలి, ఆనందపురం వెళ్లి అక్కడ ఆరు లైన్ల కొత్త రోడ్డు ఎక్కితే ఊరు ముట్టకుండా పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా చుట్టేసి పోవచ్చు, మీరు పెందుర్తి దగ్గర దిగి కొత్తవలస పట్టుకుంటారు, అంతే. కష్టం కారుతో కాదు, కారు దాకా పోవడంతో. తెల్లారగట్ల రైలు దిగి ఆరుగురు, సామాన్లు, నిద్రమొహాల పిల్లలు, రెండు ఆటోలో పెద్ద క్యాబో మాట్లాడుకుని పదిహేను కిలోమీటర్లు పోవాలి, తిరిగొచ్చిన రోజు అదే రివర్స్‌లో, అదీ రైలు టైం తరుముతుంటే. మీకు మిగిలే డబ్బులు ఆ రెండు ట్రిప్పుల ఆటోలకే సరి. అదే మీరు శ్రీకాకుళం వైపు, అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం చూద్దామని వచ్చుంటే మధురవాడ కారే తీసుకోమనేవాణ్ని, ఎందుకంటే ఆ రోడ్డు అటే.

ఇక స్టేషన్ డెలివరీ. ఇది వినడానికి అన్నిటికన్నా సుఖంగా ఉంటుంది, రైలు దిగడం, కారెక్కడం. నేనూ అలాగే అనుకుని ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మా బావమరిది కుటుంబం వచ్చింది, డిసెంబర్ నెల, నా కారు సరిపోదని పెద్ద బండి మాట్లాడాం, స్టేషన్‌కి తెచ్చిస్తామన్నారు. మన స్టేషన్‌కి రెండు వైపులు, మెయిన్ గేటు ఒకటి, జ్ఞానాపురం వైపు ఒకటి. మేము మెయిన్ వైపు, కారు తెచ్చిన కుర్రాడు జ్ఞానాపురం వైపు, ఫోన్లో "సార్ ఎక్కడున్నారు" అంటే "నువ్వెక్కడున్నావు" అని అరగంట గడిచింది. చివరికి వాడొచ్చాడు, ఇంకా చీకటి, పార్కింగ్ వాడు ముందుకి తీయండి ముందుకి తీయండి అని వెనకాల అరుస్తున్నాడు, ఆ ట్యూబ్‌లైట్ వెలుతుర్లో కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి, ఓకే అని సంతకం పెట్టేసి బయల్దేరాం. అనంతగిరి దాటాక వెనక టైరు పంక్చరు. స్టెప్నీ ఉంది, గాలి కూడా ఉంది, జాకీ ఉంది, వీల్ స్పానర్ మాత్రం ఆ నట్లకి పట్టదు, వేరే బండిది ఎవరో పడేశారు అందులో. ఫోన్ చేద్దామంటే ఆ మలుపులో సిగ్నల్ లేదు. గంటన్నర తర్వాత అటుగా పోతున్న జీపు డ్రైవర్ ఒకాయన ఆగి తన పానాలు ఇచ్చి ఆయనే మార్చి పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగాడు. బొర్రా గుహలకి మేం చేరేసరికి టికెట్లు ఆపేశారు. తిరిగొచ్చాక కారు అప్పజెప్తుంటే వెనక బంపర్ మీద గీత ఉంది, ఇది మీరే గీకారు అని అడ్వాన్సులో కోత. అది పాతదే అని నాకు తెలుసు, దాని మీద దుమ్ము పట్టుంది. కానీ ఫోటో ఏదీ? తీసుకున్నప్పుడు చీకటి.

అందుకే వాళ్ల షెడ్డు దగ్గరికి వెళ్లమంటున్నాను. అక్కడ వెలుతురుంటుంది, స్పానర్ పట్టకపోతే పక్క కార్లోంచి ఇంకోటి తీసిస్తారు, టైరు అరిగిపోయుంటే "ఇది వద్దు, ఆ బండి ఇవ్వండి" అనడానికి ఆ బండి కళ్ల ముందే ఉంటుంది. స్టేషన్ బయట ఆ కుర్రాడి చేతిలో ఏముంది పాపం, ఒకటే తాళం.

మరి తెల్లారగట్ల దిగి షెడ్డు తెరిచేదాకా ఏం చెయ్యాలి అంటారా. స్టేషన్లో వెయిటింగ్ హాల్లో కూర్చోవచ్చు గానీ పెద్దవాళ్లున్నారు కాబట్టి ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల హోటల్లో రూము మూడు నాలుగు గంటలకి మాట్లాడుకోండి, స్నానాలు, టిఫిన్లు అయ్యాక మీరొక్కరే క్యాబ్‌లో ఎన్ఏడీ వైపు వెళ్లి నిదానంగా కారు చూసి తీసుకుని వెనక్కొచ్చి అందర్నీ ఎక్కించుకోండి. వెనక్కి రావడం దండగ అనిపిస్తే అందర్నీ క్యాబ్‌లో అక్కడికే రమ్మనండి. ఇంకో లాభం ఏంటంటే రాత్రి రైల్లో సగం నిద్రతో వచ్చిన మనిషి వెంటనే ఘాట్ ఎక్కకూడదు, ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా. తొమ్మిదిన్నరకి బయల్దేరినా ఎస్.కోట పదకొండు లోపు దాటేస్తారు, ఘాట్ అంతా పగటి పూటే అయిపోతుంది. అరకు మొత్తం నూట పదిహేను కిలోమీటర్లే, కాకపోతే కిలోమీటర్లు చూసి టైం లెక్కేసుకోకండి, కొండ మీద నలభై కిలోమీటర్లకి గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకండి.

గోదావరి దువ్వాడలో కూడా ఆగుతుంది, అక్కడ దిగిపోతే దగ్గరేమో అని మీకు డౌట్ రావచ్చు. మీ పనికి దిగకండి. దువ్వాడ నుంచి ఎన్ఏడీ కన్నా వైజాగ్ స్టేషన్ నుంచే దగ్గర. దువ్వాడ ఎవరికంటే, ఊళ్లోకి రాకుండా అటునుంచటే భువనేశ్వర్ వైపు వెళ్లిపోయే బండ్లు కొన్నుంటాయి, వాటిలో వచ్చేవాళ్లకి వేరే దారి లేదు, వాళ్లు కారు కూర్మన్నపాలెం దగ్గర తీసుకుని సబ్బవరం మీద పోతే సరిపోతుంది.

విమానంలో వచ్చే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్ట్ అని ఉందో చూసుకుని లెక్క వేసుకోండి. పాతది నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా లోపలిది, ఎన్ఏడీ పక్కనే, పైన చెప్పిందంతా దానికే. భోగాపురం కొత్తది విజయనగరం జిల్లాలో, హైవే మీద ఊరికి ఉత్తరాన చాలా దూరం. భోగాపురంలో దిగితే అరకు కోసం వైజాగ్ ఊళ్లోకి రానే అక్కర్లేదు, విజయనగరం మీదుగా ఎస్.కోట పోవచ్చు, లేదా ఆనందపురం దాకా వచ్చి పెందుర్తి రోడ్డు ఎక్కొచ్చు. అలాంటప్పుడు ఎన్ఏడీ షెడ్డు కోసం ఊళ్లోకి రావడం తెలివితక్కువ పని.

అరకులోనే కారు తీసుకోండి అన్న సలహా సగం కరెక్టు. మీ ప్లాన్ అరకు ఒక్కటే అయితే అది బంగారం లాంటి సలహా. పొద్దున్నే వైజాగ్ నుంచి కిరండూల్ ప్యాసింజర్ ఉంది, అద్దాల పెట్టె కూడా తగిలిస్తారు, సొరంగాలు, లోయలు, పిల్లలకి జీవితాంతం గుర్తుంటుంది, బొర్రా గుహల స్టేషన్లో కూడా ఆగుతుంది. అద్దాల పెట్టెకి టికెట్ ముందే చూసుకోవాలి, వీకెండ్‌లో దొరకదు. పైన దిగాక జీపులు, ట్యాక్సీలు దొరుకుతాయి, చాపరాయి, మ్యూజియం, కాఫీ తోటలు తిప్పి తీసుకొస్తారు. కానీ గమనించండి, అవి డ్రైవర్‌తో కలిపి. సెల్ఫ్ డ్రైవ్ అని ఆశ పెట్టుకుని పైకి పోవద్దు. పైగా మీది వన్‌వే చుట్టు, అరకు ఎక్కి నర్సీపట్నం దిగాలి, అరకు జీపు అతను నర్సీపట్నంలో మిమ్మల్ని దింపితే ఖాళీగా వెనక్కి పోవాలి, ఆ రాను పోను ఖర్చంతా మీదే. అందుకని మీ కేసులో కింద నుంచే కారు.

ఇప్పుడు ఆ ఎన్ఏడీ వైపు నలుగురైదుగురు కార్ల వాళ్లు ఉంటే ఎవరిని ఎంచుకోవాలి. రేటు అడిగే ముందు నేను ఒకే ఒక ప్రశ్న అడుగుతా, "బండి అరకు పైన ఆగిపోతే మీ మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు?" అని. "మా బండ్లు ఆగవు సార్" అన్నవాణ్ని వదిలేయండి. "ఎస్.కోటలో ఫలానా మెకానిక్ ఉన్నాడు, పాడేరులో ఇంకొకాయన ఉన్నాడు, ఫోన్ చేస్తే గంటలో వస్తారు" అన్నవాడు రెండొందలు ఎక్కువ చెప్పినా అతని దగ్గరే తీసుకోండి. ఆ మెకానిక్‌ల నంబర్లు అక్కడే ఫోన్లో ఎక్కించుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి, పైన ఫోన్ చార్జింగ్ అయిపోతే ఉపయోగపడుతుంది. టోల్ ఫ్రీ నంబర్ ఒకటి ఇచ్చి "ట్వంటీఫోర్ అవర్స్ సపోర్ట్ సార్" అంటే దానికి ఘాట్‌లో విలువ లేదు, ఆ ఫోన్ ఎత్తే అమ్మాయికి గాలికొండ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది.

రెండోది బోర్డు, అంటే నంబర్ ప్లేట్. సెల్ఫ్ డ్రైవ్‌కి చట్టప్రకారం ఇవ్వాల్సిన కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలంటే డ్రైవర్‌తో నడిచే ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత కారు, అది డబ్బులకి అద్దెకివ్వకూడదు. కేంద్రం 1989లో తెచ్చిన రెంట్ ఎ క్యాబ్ స్కీమ్ ప్రకారం ఇలా ఇచ్చేవాళ్లకి లైసెన్స్ ఉండాలి, దానికి కనీసం 50 కార్లుండాలి, అందుకే చిన్నవాళ్లు చాలామంది ఆ గొడవ లేకుండా తెల్ల బోర్డులు ఇచ్చేస్తుంటారు, "ఎవరైనా అడిగితే ఫ్రెండ్ కారని చెప్పండి సార్" అని ఒక ఉచిత సలహా కూడా. రోజులు బాగుంటే ఏమీ అవ్వదు. కానీ ఘాట్‌లో యాక్సిడెంట్ అయిందనుకోండి, సొంత కారు పాలసీ మీద అద్దెకి తిప్పారని తేలితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు, ఆ బిల్లు కార్ల వాడు మీ నెత్తిన వేస్తాడు. అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని కొండెక్కుతూ ఆ రిస్క్ ఎందుకు, నల్ల బోర్డే అడగండి. నల్ల బోర్డు కార్లకి ఒక ఇబ్బంది ఉంది, స్పీడ్ గవర్నర్ ఉండటం వల్ల 80 దగ్గర ఆగిపోతాయి, ఘాట్‌లో అది మీకు గుర్తు కూడా రాదు గానీ హైవే మీద లారీని దాటేటప్పుడు ఊపు చాలదు, ఆ సంగతి ముందే బుర్రలో పెట్టుకోండి. ఒకవేళ అరకు నుంచి కొరాపుట్ వైపు, దేవమాలి వైపు పోవాలన్న ఆలోచనుంటే అది ఒడిశా, ఆ బండికి అటు పర్మిట్, ట్యాక్స్ ఉన్నాయో లేదో ముందే అడిగి కాగితం చేతిలో పెట్టించుకోండి, నోటి మాట పనికి రాదు.

బండి ఏది అనేది మీరు అడగలేదు గానీ చోటుతో ముడిపడే ఉంది కాబట్టి చెప్తా. ఆరుగురికి ఏడు సీట్ల బండే కావాలి, అద్దె బండ్లలో ఆ సైజువి ఎక్కువగా సీఎన్జీవి దొరుకుతాయి, కిలోమీటరుకి ఖర్చు తక్కువ అని కార్ల వాళ్లు మోజుగా చెప్తారు. డిక్కీలో సిలిండర్ కూర్చుంటుంది, మీ సూట్‌కేసులు ఒళ్లో పెట్టుకోవాలి, నిండా మనుషులతో ఘాట్ ఎక్కుతుంటే సీఎన్జీ మీద బండి మూలుగుతుంది, పెట్రోల్‌కి మార్చుకోవాల్సిందే. పైన సీఎన్జీ దొరుకుతుందని నమ్ముకోకండి. డీజిల్ బండి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, లేదంటే మామూలు పెట్రోల్. వెళ్లేటప్పుడు ఎస్.కోటలో ట్యాంక్ నింపేసుకోండి, అరకులో, పాడేరులో బంకులున్నాయి గానీ సీజన్‌లో క్యూలుంటాయి.

కిలోమీటర్ల లిమిట్ కూడా చూసుకోండి. మీ చుట్టు ఊరికే రోడ్డు మీద పోతేనే దాదాపు మూడొందల నలభై, బొర్రాకి పక్కకి దిగడం, కొత్తపల్లి జలపాతం, వంజంగి ఇవన్నీ కలిపితే నాలుగొందల యాభై అవుతుంది. రోజుకి ఇన్ని కిలోమీటర్లు ఫ్రీ అని ఉంటుంది, అది రోజువారీ లెక్కా, మొత్తం మూడు రోజులకి కలిపా అని అడగండి. రోజువారీ అయితే రెండో రోజు మీరు పైన యాభై కిలోమీటర్లే తిరిగినా మిగిలినవి మురిగిపోతాయి.

తీసుకునేటప్పుడు చూడాల్సినవి. వీడియో తియ్యండి, చుట్టూ నిదానంగా, బంపర్ల కింద వంగి, అద్దాలు, టైర్లు, డ్యాష్‌బోర్డ్‌లో కిలోమీటర్లు, ఇంధనం ముల్లు, తీసి వాళ్లకే వాట్సాప్ చెయ్యండి, అప్పుడు టైమ్‌తో సహా రికార్డు ఉంటుంది. స్పానర్‌ని ఊరికే చూడటం కాదు, ఒక నట్టు మీద పెట్టి వదులు చేసి మళ్లీ బిగించండి, నా అనుభవం మీకు రావద్దు. వైపర్లు, హారన్, ఫాగ్ లైట్లు ఉంటే అవీ. శీతాకాలం అయితే అద్దం మీద మంచు తుడిచే డీఫాగర్ పనిచేస్తోందో చూడండి, లంబసింగిలో పొద్దున్న అయిదింటికి అది లేకపోతే ముందు ఏమీ కనపడదు. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఎవరిది, టోల్ డబ్బులు ఎలా లెక్క కడతారు అని మాట్లాడుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్, అన్నీ ఫోన్లో పంపించుకోండి, వాటి తేదీలు మీరే చదవండి.

ఇంకోటి, ఇది బయటివాళ్లు ఎవరూ చెప్పరు. డిక్కీ అడుగున మ్యాట్ ఎత్తి, స్టెప్నీ గుంటలో, సీట్ల కింద, డోర్ పాకెట్లలో చెయ్యి పెట్టి వెతకండి. నవ్వకండి. ఏజెన్సీ నుంచి కిందికి దిగే రోడ్ల మీద, ముఖ్యంగా నర్సీపట్నం, చింతపల్లి వైపు, గంజాయి కోసం పోలీసుల తనిఖీలు గట్టిగా ఉంటాయి, అద్దె కార్లంటే ఇంకొంచెం ఎక్కువ చూస్తారు. మీకన్నా ముందు ఆ కారు ఎవరు తీసుకెళ్లారో మీకు తెలీదు. చెక్‌పోస్ట్ దగ్గర ఆపితే మర్యాదగా దిగి, రెంటల్ అగ్రిమెంట్, లైసెన్స్ చూపిస్తే అయిపోద్ది, ఫ్యామిలీ అని చూసి తొందరగానే పంపిస్తారు. దారిలో ఎవరైనా ఈ సంచి కింద ఊళ్లో ఇచ్చెయ్యండి బాబూ అంటే మాత్రం ఎంత ముసలివాళ్లైనా వద్దని చెప్పండి, నాకూ మనసొప్పదు గానీ అంతే.

ఘాట్ గురించి రెండు ముక్కలు. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి, బ్రేక్ మీద కాలేసి దిగితే కింద మలుపుకి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేక్ పట్టదు. ఇరుకు దగ్గర ఎక్కే బండికి దారివ్వాలి. ప్రతి మలుపుకీ హారన్ కొట్టండి, ఇక్కడ అది మర్యాద. చీకటి పడ్డాక ఎక్కొద్దు, దిగొద్దు. వాన తుపాను టైంలో కొండచరియలు రోడ్డు మీద పడుతుంటాయి, తుపాను హెచ్చరిక ఉందని తెలిస్తే ట్రిప్పే వాయిదా వేసుకోండి, కారు ఎక్కడ తీసుకుంటే ఏం లాభం.

సీజన్ కూడా మీ రూట్‌ని మార్చేస్తుంది. లంబసింగి మజా అంతా నవంబర్ నుంచి జనవరి దాకా, మంచు కోసమే జనం పోతారు. మీరు వేసవి సెలవుల్లో వస్తుంటే దాన్ని వదిలేసి పాడేరు నుంచి మాడుగుల ఘాట్ దిగి చోడవరం, సబ్బవరం మీదుగా వచ్చెయ్యండి, ఒక పూట మిగుల్తుంది, మాడుగులలో హల్వా కొనుక్కోవచ్చు, అది గోధుమ పాలతో చేస్తారు, హైదరాబాద్‌లో ఆ పేరుతో దొరికేదానికీ దీనికీ సంబంధం లేదు. అలా దిగినా కారు ఇచ్చేది ఎన్ఏడీ వైపే, లెక్క మారదు.

మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులు అని రాశారు కదా, బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, దిగడం కన్నా ఎక్కి రావడం కష్టం, ఆయన్ని పైనే గేటు దగ్గర కూర్చోబెట్టి మీరు చూసి రండి. వంజంగి కూడా అంతే, కారు కింద ఆపి నడక. పిల్లలకి ఘాట్‌లో వాంతులొస్తాయి, ముందు రోజు రాత్రి రైల్లో నూనె తిళ్లు పెట్టకండి, ముందు సీటు వాళ్లకివ్వడం కుదరదు కాబట్టి మధ్య వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి, చివరి వరస అసలు వద్దు.

తిరిగి ఇచ్చే రోజు గురించి అందరూ తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే రైళ్లు తప్పిపోతాయి. గోదావరి సాయంత్రం బండి కదా, మీరు లంబసింగిలో మంచు చూసి టిఫిన్ చేసి తొమ్మిదింటికల్లా కదలండి. నర్సీపట్నం, తాళ్లపాలెం, అనకాపల్లి దాకా ఇబ్బంది లేదు, అనకాపల్లిలో బెల్లం కొనుక్కోవాలంటే అక్కడో అరగంట. అసలు టైం తినేది గాజువాక నుంచి ఎన్ఏడీ మధ్య, లారీలు, స్టీల్ ప్లాంట్ షిఫ్ట్ బస్సులు, అక్కడ గంట పడుతుందనే అనుకుని లెక్క వేసుకోండి. రెండింటికల్లా కారు అప్పజెప్పేలా చూసుకోండి, అప్పజెప్పేటప్పుడూ వీడియో తియ్యండి, అడ్వాన్సు వెనక్కి ఫోన్లో పడేదాకా అక్కణ్నుంచి కదలకండి, "సాయంత్రం వేస్తాం సార్" అంటే కుర్చీ ఒకటి అడిగి కూర్చోండి.

ఇంకో దారి కూడా ఉంది, కార్ల వాళ్లు అనకాపల్లి వచ్చి కారు తీసుకెళ్తారేమో అడగండి, కొంతమంది డ్రైవర్ ఛార్జీ తీసుకుని వస్తారు. గోదావరి అనకాపల్లిలో ఆగుతుంది కాబట్టి మీరు అక్కడే ఎక్కెయ్యొచ్చు, గాజువాక బాధ తప్పుతుంది. అలా చేసేటట్టయితే టికెట్‌లో బోర్డింగ్ స్టేషన్ ముందే అనకాపల్లికి మార్చుకోవడం మర్చిపోకండి, వైజాగ్‌లో మీరు ఎక్కలేదని టీసీ మీ బెర్తులు ఇంకెవరికైనా రాసేస్తే ఆరుగురూ రాత్రంతా నిలబడాలి.